సారథిని ఎప్పుడు దింపాలి?

వయసు మళ్ళిన వీరుణ్ణి ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చేసరికి మనుషులు రెండు వర్గాలుగా చీలిపోతారు. "ఇన్నాళ్ళు గెలిపించినవాణ్ణి పొమ్మనడానికి నోరెలా వస్తుంది?" అనేవారు ఒక వర్గం. "గెలిపించింది నిన్న, రేపటి మాట చూడండి" అనేవారు రెండో వర్గం. మొదటివారి దగ్గర కృతజ్ఞత ఉన్నది, రెండోవారి దగ్గర లెక్క ఉన్నది. తమాషా ఏమంటే, ఒకే మనిషి తన ఇంటి విషయానికి మొదటి వర్గంలోను, ఎదురింటి విషయానికి రెండో వర్గంలోను చేరుతూ ఉంటాడు. అంచేత ఈ ప్రశ్నను మన ఇళ్ళకీ మన ఊళ్ళకీ దూరంగా తీసుకుపోయి చూస్తే కొంచెం నిదానంగా ఆలోచించడానికి వీలవుతుందని నాకు తోచింది.

ఆ దూరం కూడా నేను వెతుక్కున్నది కాదు. మా మేనల్లుడొకడు శాన్ ఫ్రాన్సిస్కోకి దగ్గరలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి జట్టు 1993లో తన ముసలి ఆటగాణ్ణి మరొక ఊరికి ఇచ్చివేసిందట. ఇచ్చివెయ్యడం న్యాయమా కాదా అని వాడి ఆఫీసులో ఇప్పటికీ వాదన జరుగుతూనే ఉన్నదట. ముప్పై ఏళ్ళు దాటినా చల్లారని వాదన అంటే అందులో ఆటకి మించినదేదో ఉండి తీరాలి. తీరిక చేసుకుని ఆ చరిత్రంతా చదివాను.

ముందుగా ఆ ఆట సంగతి. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో పాదానికి ఉన్న పని బహు స్వల్పం. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ మొనదేలి, పీచు తియ్యని చిన్న కొబ్బరికాయలా ఉంటుంది. పక్షానికి పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న పక్షం నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి; పోలేకపోతే బంతి ఎదుటివారి పాలు. ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట వచ్చేది ఒక్కడి చేతికి. అతని పేరే క్వార్టర్‌బాక్. బంతిని పక్కవాడికి అందించాలా, నలభై గజాల దూరంలో పరుగెత్తుతున్నవాడి దోసిట్లోకి విసరాలా అన్నది రెండు మూడు సెకండ్లలో తేల్చుకోవాలి. ఆ రెండు మూడు సెకండ్లలోనే, నూరు కిలోలు దాటిన మనుషులు నలుగురైదుగురు అతన్ని పడగొట్టడానికి మీదికి వస్తూంటారు. అతని చూపు దూరాన ఉన్న తనవాడి మీద ఉంటుంది గాని, మీదపడేవాడి మీద ఉండదు. అంచేత దెబ్బ కాచుకునే అవకాశం అతనికి అందరికంటె తక్కువ. భుజం, మోచెయ్యి, మోకాలు, మెడ, తల – ఈ స్థానంలో పదేళ్ళు నిలిచినవాడి శరీరం వైద్యకళాశాలలో పాఠం చెప్పడానికి పనికివస్తుంది.

ఇక బేరం. అక్కడ ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇంకొక జట్టుకి ఇచ్చి, బదులుగా వేరే ఆటగాణ్ణో, వచ్చే ఏడు కళాశాలలనుంచి బయటికి వచ్చే కుర్రాళ్ళలో ఒకణ్ణి ముందుగా ఎన్నుకునే హక్కునో పుచ్చుకోవచ్చు. దాన్ని ట్రేడ్ అంటారు. మనిషిని ఇచ్చి మనిషిని పుచ్చుకోవడం వినడానికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. కాని ఆ మనిషికి కోట్ల డాలర్లలో జీతం ముడుతుందన్నది కూడా మరచిపోకూడదు.

శాన్ ఫ్రాన్సిస్కో జట్టు పేరు ఫోర్టీనైనర్స్. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకి ఎగబడి వచ్చిన జనాన్నిబట్టి పెట్టుకున్న పేరు. జో మోంటానా అనే కుర్రవాణ్ణి వారు 1979లో తీసుకున్నారు. ఆ ఏడు ఎంపికలో 81 మందిని పిలిచిన తరవాత 82వ పేరు అతనిది. సన్నని కాళ్ళు, చేతిలో మరీ అంత బలం లేదని పరీక్షకుల అభిప్రాయం. ఆ కుర్రవాడే 1982, 1985, 1989, 1990 సంవత్సరాల జనవరి నెలల్లో నాలుగుసార్లు సూపర్ బౌల్ అనే అంతిమ పోటీ గెలిపించాడు. 1989లో ఆట ముగియడానికి మూడు నిమిషాలు మిగిలి ఉండగా, జట్టు వెనకబడి ఉండగా, 92 గజాలు నడిపించి గెలిపించాడు. ఇటువంటి మనిషిని ఊరివాళ్ళు ఇంటివాడికంటె ఎక్కువగా చూసుకున్నారంటే వింత లేదు.

కాని శరీరం తన లెక్క తాను రాసుకుంటూనే ఉంటుంది. 1986లో మొదటి ఆటలోనే వెన్నుపూస దగ్గర దెబ్బతిని శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆట మానుకోమని వైద్యులు చెప్పారు. రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ మైదానంలో దిగాడు. జనం జయజయధ్వానాలు చేశారు. జట్టు పెద్దలు మాత్రం 1987లో స్టీవ్ యంగ్ అనే ఇంకొక క్వార్టర్‌బాక్‌ను టాంపా నుంచి తెచ్చి వెనకాల నిలబెట్టారు. 1991 జనవరిలో న్యూయార్క్ జట్టుతో ఆడుతూండగా వెనకనుంచి వచ్చిన ఒక దెబ్బకి మోంటానా రొమ్మెముక కమిలి, వేలు విరిగింది. ఆ తరవాత మోచెయ్యి పాడయింది. 1991 ఆటల కాలమంతా మంచం మీదా కుర్చీలోనూ గడిచింది. 1992లో కూడా అంతే. డిసెంబరు చివర ఒక్క సగం ఆట ఆడాడు.

ఈలోగా యంగ్ ఏం చేశాడు? నాలుగేళ్ళు బల్ల మీద కూర్చుని, అవకాశం రాగానే 1992లో దేశం మొత్తానికి ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు. 1993 వసంతం వచ్చేసరికి జట్టు ముందు ప్రశ్న నిలబడింది. పెద్దవాడి చెయ్యి బాగుపడింది, ఆడతానంటున్నాడు. చిన్నవాడు అద్భుతంగా ఆడుతున్నాడు. ఉన్నది ఒకటే స్థానం.

ఇక్కడ తెలుగు మేష్టరుకి ఉద్యోగపర్వం జ్ఞాపకం రాకుండా ఉండదు. భీష్ముడు కౌరవసేనలో రథులెవరు, అతిరథులెవరు అని వరసగా లెక్క చెబుతూ కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి అతన్ని అర్ధరథుడన్నాడు. సగం వీరుడని అర్థం. కర్ణుడు మండిపడి, ఈ ముసలివాడు పడేదాకా విల్లు ముట్టనని శపథం పట్టాడు. దుర్యోధనుడికి ఇద్దరూ కావాలి. ఇద్దరూ ఒక్కసారి దొరకరు. పెద్దవాణ్ణి కాదనే ధైర్యం లేదు, చిన్నవాణ్ణి సముదాయించే నేర్పు లేదు. పది రోజులు కర్ణుడు శిబిరంలో కూర్చున్నాడు. భీష్ముడు పడ్డాక దిగాడు. యుద్ధం మొత్తం పద్ధెనిమిది రోజులే అని తలచుకుంటే ఆ పది రోజుల విలువ తెలుస్తుంది. రాజు ఎంపిక చెయ్యకుండా తప్పించుకున్నప్పుడు, కాలం అతని బదులు ఎంపిక చేస్తుంది. అదీ బాణాలతో చేస్తుంది.

యంగ్ కర్ణుడిలా శపథాలు పట్టలేదు. మోంటానాతో అతనికి గాఢస్నేహమేమీ లేదని అందరికీ తెలిసినదే. అయినా నాలుగేళ్ళూ అభ్యాసానికి రోజూ వచ్చాడు, పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ముసలివాడి పక్షాన వాదించేవాళ్ళు మరచిపోయేది ఈ రెండోవాణ్ణే. మనం జాలిపడేది కనబడేవాడి మీద. నీడలో నిలబడినవాడికి కూడా వయసు పెరుగుతూనే ఉంటుందని మనకి తోచదు. 1993 నాటికి యంగ్‌కి 31 ఏళ్ళు నిండాయి.

ఈ భాగం మా ఇంట్లో చెబుతూంటే మా ఆవిడ, "ఇంతకీ ఆ ముసలాయనకి ఎన్నేళ్ళు?" అని అడిగింది. ముప్పైఆరు అన్నాను. "బాగుందండీ! మా పెద్దన్నయ్యకి ఆ వయసుకి పెళ్ళే కాలేదు" అన్నది. నవ్వు వచ్చినా, మాటలో విషయం ఉన్నది. కొన్ని వృత్తుల్లో మనిషి తక్కిన లోకం యౌవనం అనుకునే వయసులోనే ముసలివాడవుతాడు. అంచేత అతనికి పెద్దరికం వచ్చేలోపల వార్ధక్యం వచ్చేస్తుంది. నలభై ఏళ్ళ జీవితం ఇంకా మిగిలి ఉండగానే, "మీ రోజులు అయిపోయాయి" అన్న మాట వినవలసి వస్తుంది. అది చెప్పేవాడికీ కష్టమే, వినేవాడికీ కష్టమే.

1993 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోవారు చివరి నిమిషంలో మెత్తబడి, స్థానం నీదేనని మోంటానాతో అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగా వచ్చినది కాదని అతను గ్రహించాడు కాబోలు, వద్దని కాన్సాస్ సిటీకి వెళ్ళిపోయాడు. ఆ ఊరివారు అతనికోసం మొదటి వరస ఎంపిక హక్కునొకదాన్ని వదులుకున్నారు.

ఫలితం ఏమయింది? ఆ ఏడు కాన్సాస్ సిటీ 16 ఆటల్లో 11 గెలిచి, 1971 తరవాత మొదటిసారిగా తన విభాగంలో మొదట నిలిచింది. సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు దూరంలో బఫెలో జట్టు చేతిలో ఆగిపోయింది. ఆ ఆటలో మోంటానా తలకి దెబ్బ తగిలి మధ్యలోనే బయటికి వచ్చాడు. 1994 సెప్టెంబరు 11న రెండు జట్లూ ఎదురుపడ్డాయి. పాతవాడు కొత్తవాణ్ణి 24–17తో ఓడించాడు. ముసలివాడి పక్షం వారికి అది దీపావళి. కాని నాలుగు నెలల తరవాత, 1995 జనవరిలో, యంగ్ సూపర్ బౌల్‌లో ఆరు టచ్‌డౌన్లకు బంతులు విసిరి 49–26తో గెలిచాడు. ఆ ఏప్రిల్‌లోనే మోంటానా ఆట విరమించాడు. ఈ బేరంలో ఓడిపోయినవాడు ఒక్కడూ లేడు. బేరాల్లో ఇటువంటిది అరుదు.

అన్ని బేరాలూ ఇలా తేలవు. పేటన్ మానింగ్ ఇండియానాపొలిస్ జట్టులో 1998 నుంచి 13 ఏళ్ళు ఒక్క ఆట కూడా తప్పిపోకుండా ఆడాడు. మెడ నరాలు దెబ్బతిని వరసగా శస్త్రచికిత్సలు చేయించుకుని 2011 అంతా కూర్చున్నాడు. అతను లేని జట్టు 16 ఆటల్లో 2 మాత్రమే గెలిచింది. మనిషి విలువ ఇంతకంటె స్పష్టంగా ఎక్కడా రుజువు కాదు! అయినా 2012 మార్చిలో అతన్ని వదులుకున్నారు. ఉంచుకుంటే ఆ నెలలోనే 2 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించాలి. చేతికి బలం తిరిగివస్తుందో రాదో వైద్యులు హామీ ఇవ్వలేరు. అట్టడుగున నిలిచిన ఫలితంగా ఆ ఏటి ఎంపికలో మొదటి హక్కు వారిదే. ఆండ్రూ లక్ అనే మెరికలాంటి కుర్రవాడు ఎదురుగా ఉన్నాడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కాని కాలం ఇంకో లెక్క వేసింది. మానింగ్ డెన్వర్ చేరి 2013లో 55 టచ్‌డౌన్ బంతులు విసిరి రికార్డు నెలకొల్పాడు. 2016 ఫిబ్రవరిలో, దాదాపు నలభై ఏళ్ళ వయసులో, సూపర్ బౌల్ గెలిచి విరమించాడు. లక్ బాగా ఆడినా దెబ్బమీద దెబ్బ తిన్నాడు. 2017 అంతా భుజం నొప్పితో పోయింది. 2019 ఆగస్టులో, 29 ఏళ్ళ వయసులో, నొప్పి ఇక భరించలేనని ఆట మానేశాడు. ముసలివాడి ఒళ్ళు నమ్మదగినది కాదని కుర్రవాణ్ణి తెచ్చుకుంటే, కుర్రవాడి ఒళ్ళు ముందు విరిగింది. వయసు ఒక సూచన మాత్రమే, జాతకం కాదు.

కొనుక్కునేవాడి సంగతి కూడా చూడాలి గదా. గ్రీన్ బే అనే చిన్న పట్నపు జట్టు 2008లో 38 ఏళ్ళ బ్రెట్ ఫావర్‌ను న్యూయార్క్ జెట్స్ అనే జట్టుకి ఇచ్చేసింది. మూడేళ్ళు వెనకాల కూర్చున్న ఆరన్ రాడ్జర్స్ ఆ స్థానంలోకి వచ్చి, 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించాడు. పదిహేనేళ్ళు గడిచాయి. 2020లోనే తెచ్చిపెట్టుకున్న జోర్డన్ లవ్ మూడేళ్ళు వెనకాల కూర్చున్న తరవాత, 2023లో అదే గ్రీన్ బే 39 ఏళ్ళ రాడ్జర్స్‌ను అదే జెట్స్‌కి ఇచ్చేసింది! జెట్స్‌వారు సంబరపడి సెప్టెంబరు 11న మైదానంలోకి దింపితే, నాలుగో ప్రయత్నంలోనే అతని మడమ వెనక నరం తెగిపోయింది. ఆ ఏడు మళ్ళీ ఆడలేదు. ఇచ్చేవాడు దూరాలోచన చేశాడు, పుచ్చుకున్నవాడు పేరు చూసి మోసపోయాడు. సంతలో ఎద్దును కొనేటప్పుడు మన రైతు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. కిందటేడు పందెంలో గెలిచిందన్న మాట మాత్రం చివర వింటాడు.

"ఇద్దరినీ ఉంచుకుంటే ఏం పోయింది?" అని అడగవచ్చు. 1994 నుంచి అక్కడ జీతాలకి ఒక కట్టుబాటు ఉన్నది. ఏ జట్టైనా ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి ఇంతకు మించి ఇవ్వకూడదు. అంచేత క్వార్టర్‌బాక్‌కు ఎక్కువ వడ్డిస్తే, అతన్ని దెబ్బలనుంచి కాపాడే తక్కినవారి విస్తట్లో తగ్గుతుంది. కాపాడేవారు బలహీనులైతే ముసలివాడికి ఇంకా దెబ్బలు తగులుతాయి. ఒకే జీతం మీద నడిచే ఇల్లు ఎరిగిన మన గృహిణులకి ఈ సూత్రం విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంత చదివిన మీదట నా అభిప్రాయం చెబుతాను. ఇచ్చివెయ్యడం తప్పు కాదు. కాని మూడు సంగతులు తేలాలి. వెనకాల నిలబడినవాడు ఊహలో కాక, నిజంగా సిద్ధంగా ఉండాలి. గ్రీన్ బేవారు మూడేసి ఏళ్ళు తయారుచేసుకున్నట్టు. లేనివాణ్ణి చూసుకుని ఉన్నవాణ్ణి పంపడం తెలివి కాదు. రెండోది, ముసలివాడిలో ఆట ఇంకా మిగిలి ఉండగానే పంపాలి. ఏడాది ఆలస్యంగా పంపడంకంటె ఏడాది ముందుగా పంపడం మేలని ఆటల లోకంలో ఒక మాట ఉన్నది. జట్టుకి లాభమని అలా అంటారు గాని, నన్నడిగితే అది ఆటగాడికే ఎక్కువ లాభం. కొత్త ఊళ్ళో రెండేళ్ళు గౌరవంగా ఆడవచ్చు. పూర్తిగా విరిగిన తరవాత పంపడం బేరం కాదు, వదిలించుకోవడం. మూడోది, వెళ్ళేవాణ్ణి ఎక్కడికి వెళతావని అడగాలి. మోంటానాని అడిగారు.

అడగకపోతే ఏమవుతుందో జానీ యునైటస్ కథ చెబుతుంది. పిట్స్‌బర్గ్ జట్టు పొమ్మంటే, ఆటకు 6 డాలర్ల కూలికి ఊరి జట్టులో ఆడి, 1956లో బాల్టిమోర్ చేరి 17 ఏళ్ళు ఆడాడు. ఆ తరం వారికి క్వార్టర్‌బాక్ అంటే అతనే. కొత్త అధికారి వచ్చి 1972లో అతన్ని పక్కన కూర్చోబెట్టాడు. 1973 జనవరిలో లక్షా యాభైవేల డాలర్లకు శాన్ డియాగోకి అమ్మేశారు. అక్కడ ఒక్క ఏడు, అదీ కొన్ని ఆటలే. ఆ బాధ అతన్ని ఎన్నడూ వదలలేదు. 1984లో జట్టు బాల్టిమోర్ విడిచి ఇండియానాపొలిస్ తరలిపోయినప్పుడు, ఆ జట్టుతో తనకి సంబంధమే లేదన్నాడు. 2002లో పోయేనాటికి, దేశమంతా చూసి మురిసిన ఆ కుడిచెయ్యి పట్టు తప్పిపోయి చిన్న పనులకు కూడా లొంగేది కాదు. జట్టుకి చెయ్యి కావలసినప్పుడు అది జట్టుదే. అరిగిపోయిన తరవాత అది ఆ మనిషి ఒక్కడిదే.

ఉద్యోగాల్లో మాకొక సౌకర్యం ఉన్నది. విరమణ తేదీ ముందే కాగితం మీద ఉంటుంది. "ఇక చాలు" అని ఎవరూ ఎవరి మొహం మీదా అననక్కరలేదు, కాలెండరే అంటుంది. పూలదండ వేసి, శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పి ఇంటిదాకా దిగబెడతారు. చురుకైనవాడికి ఆ తేదీ అన్యాయమే కావచ్చు, కాని ఎవరికీ అవమానం కాదు. ఆటగాడికి ఆ తేదీ లేదు. దాన్ని ఎవరో ఒకరు నోటితో చెప్పవలసిందే. అందుకే ఆ మాట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు అన్నది ముప్పై ఏళ్ళయినా జనం మరచిపోరు.

1997 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోవారు మోంటానాని తిరిగి పిలిచి, అతను తొడుక్కున్న 16వ నంబరు చొక్కా ఇక తమ జట్టులో ఎవరూ తొడుక్కోకూడదని సభలో ప్రకటించారు. 2008లో యంగ్ తొడుక్కున్న 8వ నంబరుకి కూడా ఆ గౌరవమే చేశారు. యంగ్ కూడా తలకి తగిలిన దెబ్బల మూలంగానే ఆట మానవలసివచ్చింది. నాలుగేళ్ళు బల్ల మీద కూర్చున్నవాడు, ఆ బల్ల మీద కూర్చోనని వెళ్ళిపోయినవాడు ఇద్దరూ ఆ ఊరివాళ్ళే అయ్యారు. మనిషిని పంపినా ఇంటి తలుపు తెరిచి ఉంచవచ్చునని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.